ఏడాది కెరీర్ గ్యాప్: పేస్లిప్ చేతిలో ఉండగానే ముగించాల్సిన పనులు (అంకెలు, తేదీలు మాత్రమే)

#1 | కొండాపూర్ కుర్రోడు

ఉద్యోగం మానేసి ఓ ఏడాది చదువుకుంటాను, కొత్త పని నేర్చుకుంటాను అనే పోస్టులు ఇక్కడ తెగ వస్తున్నాయి. కింద పడే జవాబులేమో సగం "దూకెయ్ అన్నా", సగం "ఈఎంఐ ఎవడు కడతాడు". వాటివల్ల ఎవరికీ ఒరిగింది లేదు. అందుకే ఒక్క కేసు పెట్టుకుని, ఎవరికి తెలిసిన ముక్క వాళ్లు లెక్కతో సహా రాద్దాం. సొంత కథలకి వేరే థ్రెడ్ ఉంది, అవి అక్కడ.

కేసు ఇదీ. మనిషి పేరు "మనోడు" అనుకోండి. హైదరాబాద్‌లో ఐటీ సర్వీసెస్ కంపెనీ, వయసు 31, ఒకే చోట 8 ఏళ్లు. పన్ను లెక్కకొచ్చే జీతం నెలకి 2 లక్షలు, అందులో బేసిక్ 80 వేలు. నోటీసు 90 రోజులు. ఫ్లాట్ ఈఎంఐ 42 వేలు. పది లక్షల చిట్టీ, 50 నెలలది, నెలకి 20 వేలు. అది ముందే పాడుకుని డబ్బు ఫ్లాట్‌లో పెట్టేశాడు. ఇంటి ఖర్చు 50 వేలు. భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. అమ్మానాన్నలు కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు, నాన్నకి షుగరు. మాన్యువల్ టెస్టింగ్ వదిలి క్లౌడ్ వైపు మారాలని కోరిక.

ఏ నెలలో మానాలి? ఎంత డబ్బుండాలి? మళ్లీ ఎలా ఎక్కాలి?

#2 | లెక్కలమాస్టారు

డబ్బు సంగతి ముందు. ఏడాది గ్యాప్ అంటే అందరూ 12 నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటారు. తప్పేది అక్కడే. 12 నెలలూ చదువుకే అయితే, ఉద్యోగం వెతకడానికి 3 నుంచి 5 నెలలు వేరే వేసుకోవాలి. ఆఫర్ వచ్చాక వెరిఫికేషను, చేరడం కలిపి ఇంకో నెల. పేరోల్ కటాఫ్ చాలాచోట్ల 15-20 తేదీల మధ్య ఉంటుంది కాబట్టి, ఆ తరువాత చేరితే మొదటి జీతం వచ్చే నెలాఖరుకే. మొత్తం 18 నెలలు.

మనోడి నెల ఖర్చు 42 + 20 + 50 = 1 లక్షా 12 వేలు. 18 నెలలకి 20 లక్షల 16 వేలు. హెల్త్ పాలసీలు, పరీక్ష ఫీజులు, ఇంట్లో వచ్చిపడే పెళ్లిళ్లు పేరంటాలు కలిపి ఇంకో 2 లక్షలు. అంటే 22 లక్షలు రాజీనామా రోజుకి చేతిలో ఉండాలి.

గ్రాట్యుటీ వస్తుంది, బేసిక్ మీదే లెక్కిస్తే: 80,000 × 15 ÷ 26 × 8 = సుమారు 3 లక్షల 69 వేలు. పన్ను లేదు (మినహాయింపు పరిమితి 20 లక్షలు). దీన్ని 22 లక్షల్లో కలపొచ్చు కానీ మొదటి మూడు నెలల ఖర్చుకి దీని మీద ఆధారపడొద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ల జీతం బకాయి రెండు పనిదినాల్లో తేల్చాలి. చాలా కంపెనీల్లో ఫైనల్ సెటిల్‌మెంట్ ఇంకా 30-45 రోజుల పద్ధతిలోనే నడుస్తోంది.

ఈ 22 లక్షలు ఎక్కడ పెట్టాలి అంటే, ఫ్లాట్ లోన్ ఇచ్చిన బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ ఉందేమో చూడండి. అందులో పది లక్షలు పడేస్తే, 8.5 శాతం వడ్డీ అనుకుంటే, ఏడాదికి 85 వేల వడ్డీ తగ్గుతుంది, కావాల్సినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. ఎఫ్‌డీ వడ్డీ మీద పన్నుంటుంది, దీనిమీద ఉండదు. కానీ మామూలు లోన్‌ని ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి మార్చాలంటే బ్యాంకు పేస్లిప్పులు అడుగుతుంది. మానేశాక అడిగితే మార్చరు.

#3 | మణికొండ మురళి

మాస్టారూ, 18 నెలలంటే ఎవరూ ఈ జన్మలో మానరు. పీఎఫ్ తీసేస్తే సరిపోదా? రెండు నెలలాగితే మొత్తం ఇచ్చేస్తారుగా.

#4 | పీఎఫ్ పద్మక్క

మురళీ, ఆగమ్మా. ఆ రెండు నెలల మాట పాతది. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు వేరే నిర్ణయం తీసుకుంది: ఉద్యోగం పోయినవాళ్లకి 75 శాతం వెంటనే, మిగిలిన 25 శాతం 12 నెలలు ఖాళీగా ఉన్నాకే. పెన్షన్ వాటా ముగింపుకైతే 36 నెలలు. కాబట్టి క్లెయిమ్ వేసే రోజున పోర్టల్‌లో ఏ ఆప్షన్ కనబడుతోందో చూసుకునే వేయండి.

అసలు తీయొద్దనే నా మాట. ఎందుకో చెబుతా.

మానేసినా పీఎఫ్ ఖాతాకి వడ్డీ ఆగదు. 2024-25కి 8.25 శాతం. "36 నెలలకి ఖాతా చచ్చిపోతుంది" అని ఇంకా ప్రచారంలో ఉంది. 2016 సవరణ తరువాత ఆ మాట 55 దాటి రిటైరైనవాళ్లకీ, శాశ్వతంగా దేశం విడిచినవాళ్లకీ వర్తిస్తుంది, 31 ఏళ్లవాడికి కాదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఉద్యోగం మానిన తేదీ తరువాత జమైన వడ్డీ మీద పన్ను కట్టాలి. ఐదేళ్ల సర్వీసు దాటింది కదా అని అది కూడా మినహాయింపు అనుకుని రిటర్నులో చాలామంది చూపించరు.

ఇంకా పెద్ద పొరపాటు ఫారం 10సి. పీఎఫ్‌తోపాటు "ఇదీ వస్తోందిగా" అని పెన్షన్ సొమ్ము కూడా లాగేస్తారు. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, తొమ్మిదిన్నర దాటితే పది కింద లెక్కేస్తారు. మనోడికి 8 ఉంది. తిరిగి చేరిన ఏడాదిన్నరకి అర్హత వచ్చేస్తుంది. 10సి వేసి సొమ్ము తీసుకుంటే ఆ 8 ఏళ్లూ సున్నా, మళ్లీ మొదటి నుంచి.

చివరగా, మానేసినట్టు తేదీ ఎక్కించడం. కంపెనీ ఎక్కించకపోతే చివరి చందా పడిన రెండు నెలలకి మీరే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో "మేనేజ్" కింద "మార్క్ ఎగ్జిట్" నొక్కి ఆధార్ ఓటీపీతో పెట్టుకోవచ్చు. ఆధార్‌కి లింకైన ఫోను నంబరు కంపెనీ ఇచ్చిన సిమ్ అయితే, ఆ సిమ్ తిరిగిచ్చేలోపు నంబరు మార్చుకోండి. ఈ చిన్న పని మరిచిపోయి నెలల తరబడి ఓటీపీ రాక తిరిగేవాళ్లు కోకొల్లలు.

#5 | ఆడిటర్ అల్లుడు

ఏ నెలలో మానాలి అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. అసలు డబ్బు అక్కడే ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

2025-26 కొత్త విధానం స్లాబులు: 4 లక్షల వరకు లేదు, 4-8కి 5 శాతం, 8-12కి 10, 12-16కి 15, 16-20కి 20, 20-24కి 25, ఆపైన 30. జీతగాళ్లకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్. అది పోను మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటుతో పన్ను సున్నా.

మనోడు మార్చి 31న మానితే: ఆ ఆర్థిక సంవత్సరంలో 24 లక్షలు వచ్చేసింది. 75 వేలు తీస్తే 23.25 లక్షలు. పన్ను 2,81,250, దానిమీద 4 శాతం సెస్సు, మొత్తం 2,92,500. తరువాతి ఏడాది జీతం లేదు, పన్ను లేదు.

సెప్టెంబరు 30న మాని, సరిగ్గా ఏడాదికి అక్టోబరు 1న అదే జీతంతో చేరితే: మొదటి ఏడాది 12 లక్షలు, రెండో ఏడాది 12 లక్షలు. 75 వేలు తీస్తే ఏ ఏడాదికాయేడు 11.25 లక్షలు. రెండేళ్లూ పన్ను సున్నా. స్లాబులు మారనంత వరకు ఇదీ లెక్క.

రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ కలిపి చేసిన పని 12 నెలలే. తేడా 2 లక్షల 92 వేల 500. మనోడి రెండున్నర నెలల ఖర్చు అది.

ఇందులో జాగ్రత్తలు మూడు. మొదటిది, ఆరు నెలలూ కంపెనీ 24 లక్షల అంచనాతోనే నెలకి 24,375 టీడీఎస్ కోస్తుంది. కోసిన 1,46,250 చివరి జీతంలో పూర్తిగా తిరిగి రాదు. రిటర్ను వేశాకే రిఫండు. ఫారం 16 జూన్‌లో వస్తుంది, రిఫండు ఆ తరువాత. కాబట్టి ఈ సొమ్ముని మాస్టారి 22 లక్షల్లో కలపకండి. రెండోది, ఎఫ్‌డీ వడ్డీ, సెటిల్‌మెంటుతో వచ్చే బోనసు కలిసి 75 వేలు దాటితే 12 లక్షల గీత దాటుతారు. దాటినా భయంలేదు, మార్జినల్ రిలీఫ్ ఉంది: 12 లక్షల 10 వేలయితే కట్టాల్సింది 61,500 కాదు, సెస్సు కాక 10 వేలే. మూడోది, షేర్లు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ల మీద లాభానికి ఈ రిబేటు వర్తించదు.

మార్చిలో మానడానికి ఒక్క మంచి కారణం ఉంది. జీతమే లేని ఆర్థిక సంవత్సరంలో ఈక్విటీ దీర్ఘకాలిక లాభాలు ఉంటే, 4 లక్షల బేసిక్ మినహాయింపు, దానికి తోడు 1.25 లక్షల మినహాయింపు, మొత్తం 5.25 లక్షల లాభం పన్ను లేకుండా బుక్ చేసి మళ్లీ అవే కొనుక్కోవచ్చు. పన్ను 12.5 శాతం కాబట్టి ఆదా గరిష్ఠంగా 50 వేల చిల్లర. పాత ఫండ్లు బాగా పెరిగి ఉన్నవాళ్లకి తప్ప సెప్టెంబరే మేలు.

#6 | మణికొండ మురళి

వామ్మో. రాజీనామా తేదీతో మూడు లక్షలా! అయితే మెయిల్ ఎప్పుడు కొట్టాలి?

#7 | ఆడిటర్ అల్లుడు

సెప్టెంబరు 30 నుంచి 90 రోజులు వెనక్కి లెక్కిస్తే జూలై 2. ఏప్రిల్-జూన్‌లో హైక్ లెటర్లు, వేరియబుల్ పే వచ్చే కంపెనీ అయితే అవి ఖాతాలో పడ్డాకే కొట్టండి. నోటీసులో ఉన్నవాళ్లకి వేరియబుల్ ఆపేసే నిబంధన చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది. జాయినింగ్ బోనసు తీసుకుని రెండేళ్లు కాకపోతే వెనక్కి కట్టాల్సిన నిబంధన ఉందేమో అదే లెటర్లో చూడండి.

#8 | బీమా బుల్లోడు

నాన్నగారి షుగరు దగ్గరకొద్దాం. కంపెనీ గ్రూపు పాలసీ చాలాచోట్ల చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది. గ్రూపులో పాత జబ్బులకి మొదటి రోజు నుంచే కవరు ఉంటుంది కాబట్టి ఇంతకాలం ఎవరికీ నొప్పి తెలియదు. బయట కొత్త పాలసీ తీసుకుంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం పాత జబ్బులకి 36 నెలల వరకు వెయిటింగ్ (కవరు ఇవ్వని కాలం) పెట్టొచ్చు, ప్రమాదాలు తప్ప మామూలు జబ్బులకి కూడా మొదటి 30 రోజులు కవరు లేదు.

చేయాల్సింది ఇది. గ్రూపు పాలసీ ఏ ఇన్సూరెన్స్ కంపెనీదో హెల్త్ కార్డు మీద ఉంటుంది. ఆ కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి "మైగ్రేషన్" అడగండి. గ్రూపులో గడిచిన కాలానికి వెయిటింగ్‌లో క్రెడిట్ దొరుకుతుంది, అదీ పాత కవరు మొత్తం మేరకే. మెడికల్ చెకప్ అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు, కాదనొచ్చు కూడా. అందుకే చివరి వారంలో కాదు, రాజీనామా మెయిల్‌కి ముందే ఈ పని మొదలవ్వాలి. చివరి పనిరోజు దాటితే ఆ గ్రూపు నుంచి తీసుకెళ్లడానికి ఇక ఏమీ మిగలకపోవచ్చు. హెచ్ఆర్ దగ్గర గ్రూపులో ఎప్పటినుంచి ఉన్నారో చూపించే ఏడాదివారీ లెటరు తీసుకోండి. క్రెడిట్ దానిమీదే ఇస్తారు.

అమ్మానాన్నలని, మనోణ్ణి, భార్యని ఒకే ఫ్లోటర్లో (అందరికీ కలిపి ఒకే కవరు ఉండే పాలసీ) కలపకండి. ఫ్లోటర్ ప్రీమియం అందరిలో పెద్దవాళ్ల వయసుని బట్టి కడతారు. రెండు పాలసీలు విడిగా తీసుకోండి. షుగరు దాచి తీసుకునే "సలహా" ఏజెంటు ఇస్తే ఏజెంటుని మార్చండి. క్లెయిమ్ రోజున పాత ప్రిస్క్రిప్షన్లన్నీ బయటకొస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆమేరకు కాస్త ఊరట.

టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే అదీ ఇప్పుడే. కవరు మొత్తం ఆదాయాన్ని బట్టి ఇస్తారు, పేస్లిప్పులు అడుగుతారు. ఉద్యోగం లేనివాడికి కోటి కవరు ఇవ్వమంటే ఇవ్వరు.

#9 | చిట్టీల సత్యం

చిట్టీ గురించి ఒక్కరూ రాయలేదేంటి? హైదరాబాద్‌లో సగం గ్యాపులు కూలేది అక్కడే.

పాడుకోని చిట్టీ అయితే గొడవ తక్కువ. కట్టలేకపోతే మీ బదులు ఇంకో సభ్యుణ్ణి పెట్టుకోవచ్చు, కట్టినదాంట్లోంచి కమీషను కోసి చివర్లో ఇస్తారు. మనోడు పాడేసుకున్నాడు. ఇక అది అప్పుతో సమానం, చివరి నెల దాకా కట్టాల్సిందే. డివిడెండు పోను నెలకి ఇరవై వేలకి కాస్త తక్కువ పడొచ్చు కానీ లెక్కకి ఇరవై వేసుకోవడమే క్షేమం. కట్టడం ఆలస్యమైతే డివిడెండు పోతుంది, వడ్డీ పడుతుంది.

అసలు సమస్య ష్యూరిటీలు. పాట డబ్బు తీసుకునేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తుల పేస్లిప్పులు పెట్టుంటాడు. వాయిదాలు ఆగితే మొదటి నోటీసు వెళ్లేది వాళ్ల ఆఫీసుకి. అదే టీమ్‌లో కూర్చునే స్నేహితులై ఉంటారు, రేపు రిఫరెన్స్ చెప్పాల్సింది కూడా వాళ్లే. కాబట్టి చిట్టీ మిగిలిన వాయిదాల మొత్తాన్ని వేరే ఖాతాలో పెట్టి, దాన్ని ముట్టుకోకండి. ఇంకొకరికి మనోడు ష్యూరిటీగా ఉన్నాడేమో అదీ చూసుకోవాలి; ఉద్యోగం మానినా సంతకం మానదు.

ఇంటి లోన్ విషయంలో: 90 రోజులు దాటి బాకీపడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ). అంతకుముందే ఒక్క ఈఎంఐ బౌన్సయినా సిబిల్ రిపోర్టులో కనబడుతుంది, కొన్ని బ్యాంకింగ్ క్లయింట్ల ప్రాజెక్టులకి ఉద్యోగులని తీసుకునేటప్పుడు ఆ రిపోర్టు కూడా చూస్తారు. లోన్ వడ్డీ తగ్గించుకోడానికి వేరే బ్యాంకుకి మార్చాలన్నా మూడు నెలల పేస్లిప్పులు, రెండేళ్ల ఫారం 16 ఉన్నప్పుడే.

#10 | హెచ్ఆర్ హైమ

తిరిగి ఎక్కడం సంగతి నేను రాస్తాను.

ముందు కాగితాలు. చివరి రోజు సాయంత్రం లాప్‌టాప్ అప్పగించాక పేరోల్ పోర్టల్ తెరుచుకోదు. అప్పటికే సొంత మెయిల్లో ఉండాల్సినవి: ఆఫర్ లెటరు, అన్ని హైక్ లెటర్లు, కనీసం చివరి 12 నెలల పేస్లిప్పులు, అన్ని ఏళ్ల ఫారం 16, రాజీనామా అంగీకరించిన మెయిల్. రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు తరువాత వస్తాయి, అవి ఏ మెయిల్‌కి పంపుతారో ఎగ్జిట్ ఫారంలో సొంత అడ్రసు రాయండి. లింక్డ్‌ఇన్, గిట్‌హబ్, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఆఫీసు మెయిల్ ఉంటే మార్చండి. కంపెనీ కోడ్, డాక్యుమెంట్లు మాత్రం ఒక్క ఫైలూ తీసుకెళ్లొద్దు. సొంత మెయిల్‌కి జిప్ ఫైలు పంపితే సెక్యూరిటీ వాళ్లకి అలర్ట్ వెళ్తుంది, రిలీవింగ్ లెటరే ఆగిపోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో గ్యాప్ ఉండటం తప్పు కాదు. మూడు నెలలు మించితే వివరణ అడుగుతారు, కొందరు స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అఫిడవిట్ అడుగుతారు, అంతే. పట్టుబడేది గ్యాప్‌ని దాచినవాళ్లు. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఏడాదిని పూడ్చేద్దామనుకుంటే, యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పీఎఫ్ కట్టారో తెరిచిన పుస్తకంలా ఉంటుంది.

రెజ్యూమెలో ఇలా రాయండి: "కెరీర్ బ్రేక్, అక్టోబరు నుంచి సెప్టెంబరు: క్లౌడ్ ప్లాట్‌ఫామ్ ఇంజినీరింగ్ వైపు మారడానికి." కింద రెండు లైన్లలో ఏం కట్టారు, లింకు ఎక్కడ. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అనే విభాగమే ఉంది, వాడండి. "ఫ్రీలాన్స్ కన్సల్టెంట్" అని రాసి ఇన్వాయిస్ ఒక్కటీ చూపించలేకపోవడం అన్నిటికంటే అధ్వానం.

ఇంటర్వ్యూలో "ఎందుకు మానావు" అంటే నలభై సెకన్లలో ముగించండి. పాత మేనేజరు గురించి ఒక్క ముక్క వద్దు. గ్యాప్‌కి ఒక లాభం కూడా ఉంది: జాబ్ సైట్లలో రిక్రూటర్లు నోటీస్ పీరియడ్ ఫిల్టర్‌లో "వెంటనే" లేదా "15 రోజులు" పెట్టి వెతుకుతారు. 90 రోజుల నోటీసున్నవాళ్లు ఆ జాబితాలోనే రారు. మనోడు వస్తాడు. ప్రొఫైల్‌లో ఏదో ఒకటి వారానికోసారి మారిస్తే పైకి కనబడుతుంది.

జీతం దగ్గర మాత్రం తగ్గించి అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండాలి. పాత జీతం కన్నా తక్కువకి ఒప్పుకునే గీత ముందే కాగితం మీద రాసుకోండి. డబ్బు ఆరు వారాలకే మిగిలి ఉన్నప్పుడు ఆ గీత ఎవరికీ గుర్తుండదు.

#11 | పరీక్షల పంతులు

గ్యాప్‌లో ఏం చేయాలన్నది క్యాలెండరుని బట్టి ఉంటుంది, మన ఇష్టాన్ని బట్టి కాదు.

అక్టోబరు 1న ఖాళీ అయినవాడికి ఆ ఏడాది క్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) దొరకదు. పరీక్ష నవంబరు చివరి ఆదివారం, దరఖాస్తు ఆగస్టు-సెప్టెంబరులోనే అయిపోతుంది. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) ఫిబ్రవరిలో, దానికీ ఉద్యోగంలో ఉండగానే, ఆగస్టు చివర నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, క్యాట్ ఏడాదే. జీఆర్‌ఈ ఐదేళ్లు, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) కోర్సులు జనవరిలో, జూలైలో మొదలవుతాయి, వినడం ఉచితం, పరీక్షకి కోర్సుకి వెయ్యి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో 30 రావాలి. వారం వారం అసైన్‌మెంట్ గడువులు తప్పుతూ పోయి ఆ 10 రాకపోతే పరీక్ష ఎంత బాగా రాసినా సర్టిఫికెట్ రాదు, జనం ఎక్కువగా జారేది అక్కడే.

ఎంబీఏ అనుకునేవాళ్లు ఒక్క సంగతి చూసుకోవాలి. క్యాట్ రాసి, తరువాతి జూన్‌లో చేరి, రెండేళ్లు చదివితే అది గ్యాప్ కాదు, మూడేళ్ల పని. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడికి గచ్చిబౌలి ఐఎస్‌బీలో ఏడాది కోర్సు, ఐఐఎంలలో ఏడాది ఎగ్జిక్యూటివ్ కోర్సులు ఉన్నాయి, ఫీజు మాత్రం మాస్టారి 22 లక్షల్లో పట్టదు.

#12 | క్లౌడ్ కాంతారావు

మనోడి క్లౌడ్ కోరిక గురించి. సర్టిఫికెట్ మొదటి నెలల్లో కొట్టేసి పదో నెలలో ఉద్యోగం వెతికితే ఏమీ గుర్తుండదు. పరీక్షని ఎనిమిదో నెలకి పెట్టుకోండి.

క్రమం ఇలా ఉంటే పని జరుగుతుంది. మొదటి నెల ఏమీ చదవొద్దు, ఇంటి పనులు, బ్యాంకు పనులు, నిద్ర. 2-4 నెలలు లినక్స్, నెట్‌వర్కింగ్, పైథాన్. టెస్టింగ్ నుంచి వచ్చేవాళ్లు నెట్‌వర్కింగ్ దాటేసి నేరుగా కుబర్నెటిస్‌కి (చాలా సర్వర్లని ఒక క్లస్టర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్) వెళ్తారు. ఐపీ సబ్‌నెట్ లెక్క రానివాడికి క్లస్టర్‌లో ఒక పాడ్ (ప్రోగ్రాం నడిచే చిన్న యూనిట్) ఇంకో పాడ్‌తో ఎందుకు మాట్లాడటం లేదో బోధపడదు. 5-7 నెలలు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), టెర్రాఫామ్ (క్లౌడ్ సెటప్‌ని కోడ్‌తో కట్టే, కూల్చే టూల్), కుబర్నెటిస్. 8లో పరీక్షలు. 9-10లో ఒక్కటంటే ఒక్క ప్రాజెక్టు, ఎవరైనా రన్ చేసి చూడగలిగేలా. 11 నుంచి ఇంటర్వ్యూలు. మాస్టారు 18 నెలలకి లెక్క వేశారు కాబట్టి 12వ నెలలో దొరక్కపోయినా కంగారుపడి దొరికిందల్లా ఒప్పుకోవాల్సిన పనిలేదు.

పరీక్షలు రెండు చాలు. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్: 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, వెయ్యికి 720 పాస్, మూడేళ్లు చెల్లుతుంది. సీకేఏ (కుబర్నెటిస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష): రెండు గంటలు, అంతా టెర్మినల్లో చేసి చూపించాలి, 66 శాతం పాస్, ఒకసారి తప్పితే రెండోసారి ఉచితం, కొన్నాక 12 నెలల్లో రాయాలి, రెండేళ్లు చెల్లుతుంది. గోడమీద పది సర్టిఫికెట్లు వేలాడదీసి ప్రాజెక్టు అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి ప్యానెల్ రెండు నిమిషాల్లో కనిపెడుతుంది.

ఇంకోటి, ఏడబ్ల్యూఎస్ ఖాతా తెరిచిన రోజే బిల్లింగ్ అలర్ట్ పెట్టండి. నాట్ గేట్‌వే, ఖాళీగా వదిలేసిన క్లస్టరు గంటల లెక్కన బిల్లు పెంచుతూనే ఉంటాయి. సాయంత్రం పని ఆపేటప్పుడు టెర్రాఫామ్ డిస్ట్రాయ్ కొట్టి లేవడం అలవాటు చేసుకోవాలి.

టెస్టింగ్ అనుభవాన్ని పారేయకండి. ప్రాజెక్టులో పైప్‌లైన్ టెస్టులు, రోల్‌బ్యాక్ పరీక్షలు పెట్టి చూపిస్తే, ఎనిమిదేళ్లు అనుభవం కిందే లెక్కకొస్తాయి. లేకపోతే ఫ్రెషర్ జీతంతో బేరం మొదలవుతుంది.

#13 | ఓరుగల్లు పిల్ల

మంచిగున్నయి లెక్కలు. కానీ మొత్తం మగోళ్ల కేసే నడుస్తున్నది. పిల్లల కోసమో, అత్తమామల ఆరోగ్యం కోసమో రెండేండ్లు ఆగినోళ్లు ఏం చేయాలె?

#14 | హెచ్ఆర్ హైమ

నిజమేనండి. అలా ఆగినవాళ్లకి రిటర్న్‌షిప్‌లు (గ్యాప్ తరువాత తిరిగి చేర్చుకునే ప్రోగ్రాంలు) ఉన్నాయి. టాటా గ్రూపు 2008లో సెకండ్ కెరీర్ ఇంటర్న్‌షిప్ ప్రోగ్రాం మొదలుపెట్టింది, కెరీర్ మధ్యలో ఆగిన మహిళల కోసం. సైన్సు వైపు పరిశోధన ఆగిపోయిన మహిళలకి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ)లో వైజ్-కిరణ్ పథకాలు. పెద్ద ఐటీ కంపెనీలు చాలావాటికి రీస్టార్ట్ పేరుతో నియామకాలు ఉంటాయి. కంపెనీ కెరీర్ పేజీలో మామూలు ఉద్యోగాల్లో కాదు, "రిటర్న్" అని విడిగా వెతకాలి. కనీసం ఎన్ని నెలల గ్యాప్ ఉండాలో నిబంధన ఉంటుంది. అది చూడకుండా పెట్టి తిరస్కరించబడేవాళ్లు ఎక్కువ.

ఊళ్లలో పనిచేయాలనుంటే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలలు, వయసు 21-32. మనోడికి తలుపు మూసుకునేలోపు ఒక్క అవకాశం ఉంది. స్టైపెండ్‌తో పై ఈఎంఐ మాత్రం సాగదు.

#15 | డల్లాస్ బాబాయ్

అమెరికా నుంచి "ఓ ఏడాది ఇండియాలో ఉండొస్తా" అనేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. హెచ్-1బిలో ఉద్యోగం పోయినా మానినా అక్కడ ఉండటానికి 60 రోజులు, లేదా ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు, ఏది ముందైతే అది. అక్కడే ఉండి గ్యాప్ అనేది లేదు. దేశం విడిచి వెళ్తే హెచ్-1బి ఆరేళ్ల పరిమితిలో మిగిలిన కాలాన్ని తరువాత లాటరీ లేకుండా వాడుకోవచ్చు, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమై ఉంటే ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరసలో మన తేదీ) మామూలుగా నిలుస్తుంది. ఇంతవరకు పాత కబురు. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉండి చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేనివాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. పాస్‌పోర్టులో స్టాంపు గడువు ఎంతుందో చూడకుండా టికెట్ కొనకండి.

గ్రీన్‌కార్డువాళ్లు ఏడాది మించేట్టయితే రీ-ఎంట్రీ పర్మిట్ వేసుకోవాలి. ఫారం వేసేనాటికి మనిషి అమెరికాలో ఉండాలి. ఆరు నెలలు దాటి బయటుంటే పౌరసత్వం లెక్కకి చిక్కొస్తుంది.

#16 | సచివాలయం సుబ్బారావు

సర్కారు ఉద్యోగులు రాజీనామా అనే మాటే ఎత్తొద్దు. కేంద్ర ఉద్యోగి రాజీనామా చేస్తే పాత సర్వీసు మొత్తం పోతుంది. ఐదేళ్ల సర్వీసుంటే స్టడీ లీవు: మామూలుగా ఒకసారికి 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు, తిరిగొచ్చి మూడేళ్లు పనిచేస్తానని బాండు. మహిళలకి చైల్డ్ కేర్ లీవు 730 రోజులు, మొదటి 365కి పూర్తి జీతం, తరువాత 80 శాతం. ఆంధ్ర, తెలంగాణ ఉద్యోగులకి రూల్సు వేరు, వాళ్ల జీవోలు చూసుకోవాలి.

ప్రైవేటువాళ్లు కూడా ముందు జీతంలేని సెలవు ఇస్తారేమో అడగొచ్చుగా? పాలసీ పుస్తకంలో సబాటికల్ అని ఉంటుంది, ఎవరూ చదవరు.

#17 | హెచ్ఆర్ హైమ

అడగాలి, కానీ రాజీనామా మెయిల్‌కి ముందే అడగాలి. సబాటికల్లో మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: ఇన్సూరెన్స్ కొనసాగుతుందా, తిరిగొస్తే అదే బ్యాండా, ఆ కాలంలో బయట చదువుకో పనికో ఆంక్షలున్నాయా. మేనేజరు నోటిమాట ఆర్నెల్లకి ఆ మేనేజరుతోపాటే వెళ్లిపోతుంది. జీతంలేని రోజులకి పీఎఫ్ చందా పడదు.

#18 | మణికొండ మురళి

ఇంట్లో ఎలా చెప్పాలో కూడా ఎవరైనా రాయండి బాబూ. మా వాళ్లకి గ్యాప్ అంటే తీసేశారనే అర్థం.

#19 | లెక్కలమాస్టారు

పైన పోస్టుల్లోని అంకెలు ఒక పేజీలో రాసి చేతిలో పెట్టు. ఈఎంఐ ఏ ఖాతా నుంచి, చిట్టీ ఏ ఖాతా నుంచి, హాస్పిటల్ కార్డు ఏది, ఏ నెలకి ఉద్యోగం వెతుకుతావు. పెళ్లికాని వాళ్లయితే సంబంధాలవాళ్లకి ఏం చెప్పాలో కూడా ఆ పేజీలోనే తేల్చుకోవాలి, లేకపోతే మూడో నెలకల్లా మేనమామ ఫోను చేస్తాడు.

ఈ సందర్భంలో జీతం ఖాతా సంగతి. వరసగా మూడు నెలలు జీతం పడకపోతే చాలా బ్యాంకులు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తాయి. కనీస నిల్వ లేకపోతే చార్జీ, జీతం ఖాతాకి అంటుకున్న ప్రమాద బీమా కూడా పోతుంది. ఈఎంఐ మ్యాండేట్ అక్కడే ఉంటే వేరే ఖాతాకి మార్చుకోండి, కొత్త మ్యాండేట్ రిజిస్టర్ అవడానికి కొన్ని రోజులు పడుతుంది.

#20 | కొండాపూర్ కుర్రోడు

అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. రిలీవింగ్ లెటర్లో చివరి తేదీ సెప్టెంబరు 30 అని ఉండి, పీఎఫ్‌లో కంపెనీ 29 అని ఎక్కిస్తే ఏమవుతుంది? ఇలాంటివి రెండు మూడు చూశాను.

#21 | పీఎఫ్ పద్మక్క

ఒక రోజు తేడాకి వెరిఫికేషన్ వాళ్లు వివరణ అడిగి వదిలేస్తారు. తేదీ వెనక్కి కాకుండా ముందుకి పడి, కొత్త కంపెనీలో చేరిన తేదీని దాటితేనే చిక్కు. రెండు చోట్లా ఒకేసారి పనిచేసినట్టు కనబడుతుంది, ట్రాన్స్‌ఫరూ ఆగుతుంది. యూఏఎన్ పోర్టల్‌లో జాయింట్ డిక్లరేషన్ ద్వారా దిద్దించుకోవచ్చు. 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే 2025 జనవరి నుంచి ఈ సవరణకి కంపెనీ ఆమోదం కూడా అక్కర్లేదు. అంతకుముందు యూఏఎన్ అయితే పాత కంపెనీ హెచ్ఆర్ ఒప్పుకోవాలి, కాబట్టి సెటిల్‌మెంటు మెయిల్ నడుస్తుండగానే అడిగేయండి. ఆర్నెల్ల తరువాత అయితే ఆ మెయిల్‌కి జవాబిచ్చే మనిషే అక్కడ ఉండకపోవచ్చు.